వేడెక్కేలోగా

ఎర్ర దీపం వెలిగింది. గేమ్స్ టీచర్ జుట్టు సాపు చేసే స్ట్రెయిట్‌నర్ వైరును ప్లగ్గులో గట్టిగా గుచ్చి, స్విచ్ వేసి, ఆ చిన్న దీపాన్ని చూసి తృప్తిగా తలాడించింది. "వేడెక్కనీ. ఈలోగా పారిపోదామనుకోకు, పరుగులో నన్ను గెలవలేవు," అని నవ్వింది. ఆమె మెడలో ఈల ఊగింది. తను నవ్వలేదు. నవ్వకూడదని కాదు, నవ్వు ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు దొరకలేదు. ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా కిటికీ గట్టు మీద పడుకున్న ఆ రెండు రేకుల పరికరాన్ని చూస్తోంది. వరండా అవతల హాల్లో పరీక్ష మొదలైపోయింది. కుర్చీలు జరిపిన చప్పుడు, దగ్గులు, కాగితాలు పంచిన చప్పుడు అన్నీ అయిపోయి ఇప్పుడు అక్కణ్ణుంచి ఏమీ వినబడటం లేదు, అందరూ రాస్తున్నారన్నమాట. ఆఖరి పరీక్ష. ఇది రాయకపోతే ఏడాది పోయినట్టే. రాయాలంటే తన జుట్టు ఆ రెండు రేకుల మధ్య నలిగి, నున్నగా, తలకి అంటిపెట్టుకుని బయటికి రావాలి. సంగతంతా ఇంతే. ఇంత చిన్న సంగతికి ఇంతమంది పెద్దవాళ్ళు ఇంత పొద్దున్నే పనులు మానుకుని తిరగడం విచిత్రంగా ఉంది తప్ప తనకి ఇంకేమీ అనిపించడం లేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది ఇచ్చాక పెదవి ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. ఉంది, కానీ తనది కాదు.

హాలు గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇన్విజిలేటరు వేరే స్కూలు నుంచి ఇవాళే కొత్తగా వచ్చినాయన, తనెవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. హాల్ టికెట్టు చేతిలోకి తీసుకున్నాడు, ఫొటో చూశాడు, తనని చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. ఫొటోలో అమ్మాయి జుట్టు కుళాయి తిప్పితే పడే నీటిధారలా రెండు చెంపల పక్కన నిటారుగా దిగుతోంది. ఎదురుగా ఉన్న అమ్మాయి తల చుట్టూ ముదురు రింగులు, రింగుల మీద రింగులు, బ్యాండు పెట్టి వెనక్కి లాగినా బ్యాండు అవతల ఇంత గుబురు. "ఇది నువ్వేనా?" అన్నాడు. నేనే సార్ అంది. "నమ్మమంటావా?" అన్నాడు, చెడ్డగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ప్రిన్సిపాల్ మేడమ్‌ని పిలిపించాడు. ఆవిడ వచ్చి, తనని ఇక్కడికి తెచ్చి, అమ్మకి ఫోన్ చేసింది. సెలవుల తర్వాత నుంచీ ఆవిడ ఎదురుచూస్తున్న సందు దొరికింది. అంతకుముందు క్లాస్ టీచర్‌తో చెప్పించింది, ప్రేయర్లో అందరి ముందూ పక్కకి నిలబెట్టించింది, జుట్టు తలకి అంటిపెట్టుకుని ఉండాలి, రంగులు వేయించుకోవడం, రింగులు తిప్పించుకోవడం నిషేధం అని రూలు చదివి వినిపించింది. తను ఏదీ చేయించుకోలేదంటే వినలేదు. ఇప్పుడు హాల్ టికెట్టు చెబుతోంది, ఇక తను చెప్పడానికేముంది.

అమ్మ లోపలుంది. వచ్చేటప్పుడు తన పక్కనుంచే వెళ్ళింది. షాపు కోటు కూడా విప్పలేదు, జేబు మీద కళ్ళజోడు బొమ్మ కుట్టి ఉన్న ఆ నీలం కోటుతోనే, చేతి సంచి ఛాతీకి అదుముకుని, తనవైపు ఒక్కసారి చూసి, ఆ చూపులోనే తల నిమిరి తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. అమ్మ వెళ్ళాక కూడా వరండాలో కాసేపు ఆమె తల వాసన నిలిచింది. ఇప్పుడు కిటికీ గట్టు మీంచి అదే వాసన మొదలవుతోంది, కాలీ కాలని వెంట్రుక వాసన, రేకుల సందున గేమ్స్ టీచర్‌ది పాత వెంట్రుక ఏదో ఇరుక్కుని ఉండాలి. మిగతా పిల్లల ఇళ్ళల్లో పొద్దు ఏ వాసనతో మొదలవుతుందో తనకి తెలియదు. తన ఇంట్లో పొద్దంటే ఈ వాసనే. చిన్నప్పుడు కళ్ళు తెరవకముందే ముక్కుకి తెలిసేది, తెల్లారిందని, అమ్మ అద్దం ముందు నిలబడిందని. స్నానాల గది తలుపు వేసుకుని, తల పాయలు పాయలుగా విడదీసి, ఒక్కో పాయనీ రేకుల మధ్య పెట్టి కిందికి లాగుతుంటే సుయ్ సుయ్ మని చప్పుడు. తలుపు కింద సందులోంచి సన్నటి పొగ. తలంటుకున్న రోజైతే తువ్వాలు తీయకుండానే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునేది, నున్నటి తలతోనే బయటికి వచ్చేది. నాన్న లారీ దిగి ఇంటికొచ్చిన రోజుల్లో తలుపు తట్టీ తట్టీ విసిగి, "లోపల జుట్టు ఇస్త్రీ చేస్తున్నావా, జుట్టుకి చొక్కా కుడుతున్నావా?" అని అరిచేవాడు. నాన్న కూడా ఆ జుట్టుని పెళ్ళయిన కొత్తలో చూడటమే, తర్వాత చూసినట్టు లేడు. తను చూసింది ఒకే ఒక్కసారి. జ్వరం వచ్చి అమ్మ మంచం మీద ఉన్నప్పుడు, తలగడ మీద, తనలాంటిదే, తనకన్నా బిగువైన రింగులు, చెమటకి తడిసి నుదుటి మీద ముద్రలు గుద్దినట్టు. ముట్టుకోబోతే అమ్మ దుప్పటి లాక్కుని కప్పేసుకుంది. ఒళ్ళు కప్పుకున్నట్టు.

కళ్ళజోళ్ళ షాపు అంటే అద్దాల షాపే. గోడలనిండా అద్దాలు, ఎటు తిరిగినా మనమే. అమ్మ పని ఫ్రేము తీసి కస్టమరు ముఖానికి పెట్టడం, చెవుల వెనక సర్దడం, ముక్కు మీద సరిగా కూచుందో లేదో దగ్గరగా వంగి చూడటం. ఈ ఊరొచ్చి పనిలో చేరిన కొత్తలో షాపు ఓనరు ఒక మాట అన్నాడట, కస్టమరు అద్దంలో తన ముఖం చూసుకోవాలి గానీ నీ తల చూడకూడదు కదమ్మా అని. మర్యాదగానే అన్నాడట. అమ్మ ఆ మాటని తర్వాతెప్పుడో ఇంట్లో నవ్వుతూ చెప్పింది. ఆయన అన్న మర్నాటి నుంచీ ఆ వాసన మొదలైందన్న సంగతి తను కాస్త పెద్దయ్యాక లెక్క కట్టుకుంది. అప్పటికి తను పాలు తాగే పిల్ల. అంటే అమ్మ అసలు తల ఈ ఊరివాళ్ళెవరికీ తెలియదు. వీధిలో వాళ్ళు, స్కూల్లో తల్లులు, తన క్లాసు పిల్లలు, కళ్ళజోడు చేయించుకోవడానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ అమ్మ జుట్టు గురించే చెబుతారు. మీ అమ్మ జుట్టు ఎంత బాగుంటుందే, పట్టులా, నీకెందుకు రాలేదే. ఆ మాట విన్నప్పుడల్లా తను బూట్ల వైపు చూసుకునేది. ఇప్పుడూ బూట్ల వైపే చూస్తోంది. ఎడమ బూటు లేసు వదులైంది. కట్టుకోవాలని అనిపించడం లేదు.

ఈ స్కూల్లో సీటు కోసం ఫొటో తీయించిన రోజు అమ్మ తనని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ దుప్పటి చుట్టి, "కదలకు, ఊపిరి కూడా మెల్లగా తీసుకో," అంది. పెద్ద స్కూలు, మంచి స్కూలు, మొదటి చూపులోనే పద్ధతైన పిల్లలా కనబడాలి అంది. మొదటి పాయ లాగగానే వెచ్చగా బాగుంది. రెండో వైపుకి వచ్చేసరికి చెవి కొసకి రేకు తగిలింది. అరిచింది. అమ్మ కూడా అరిచింది, తనకన్నా గట్టిగా, కాలింది అమ్మ చెవే అయినట్టు. వెన్న రాసింది, ఊదింది, ఏడ్చింది, ఏడుస్తూనే మిగతా పాయలు పూర్తి చేసింది. ఆపలేదు. ఆ చెవి కొస మీద ఇప్పటికీ గోరుతో గిచ్చుకుంటే ఏమీ తెలియదు. మొద్దుబారిపోయింది. ఫొటోలో చూస్తే మాత్రం ఏమీ కనబడదు, నున్నటి జుట్టు దాని మీదుగా దిగిపోయింది. సీటొచ్చింది. హాల్ టికెట్టు మీదా అదే ఫొటో. అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే తల్లీ కూతుళ్ళు వంతులు వేసుకున్నారు, ముందు అమ్మ, తర్వాత తను. వర్షం వస్తే పరుగు, చెమట పడితే భయం, గేమ్స్ పీరియడ్‌లో కడుపు నొప్పని సాకు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ దీని గురించి మాట్లాడుకోలేదు. పళ్ళు తోముకోవడం గురించి ఎవరు మాట్లాడుకుంటారు.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అమ్మ షాపులో ఉంది, నాన్న ఏ రోడ్డు మీదో ఉన్నాడు, తను తలస్నానం చేసి, ఊరికే, బద్ధకంగా, దాన్నలా వదిలేసింది. స్కూలు లేదు, ఎవరు చూస్తారులే అనుకుంది. కథల పుస్తకం చదువుతూ నేల మీద పడుకుంది. ఆరుతున్నకొద్దీ జుట్టు కొంచెం కొంచెంగా లేచింది, తలకింద మెత్తగా, నేలకీ తనకీ మధ్య ఎవరో చెయ్యి పెట్టినట్టు. లేచి అద్దంలో చూసుకుంది. అరచెయ్యి పెట్టి నొక్కింది. నొక్కితే అది తిరిగి చేతిని నెట్టింది. కుక్కపిల్ల తల నిమిరితే చేతిలోకి తల ఎత్తుతుందే, అలా. మళ్ళీ నొక్కింది, మళ్ళీ నెట్టింది. అలా ఎంతసేపు ఆడుకుందో. సాయంత్రం అమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, సంచి కింద పెట్టడం మర్చిపోయి నిలబడింది. రేపట్నుంచి నాకు వద్దమ్మా అంది తను. అమ్మ అప్పుడు సంచి కింద పెట్టింది. "స్కూల్లో ఏమంటారో," అంది చివరికి. అంతే. వద్దనలేదు, సరే అనలేదు. మర్నాడు పొద్దున్న స్నానాల గదిలోంచి సుయ్ సుయ్ మని ఒక్క తలకి సరిపడా వినబడి ఆగిపోయింది.

స్కూల్లో ఏమన్నారంటే, స్ప్రింగు అన్నారు. మొదటి వారం పిచ్చుక గూడు అన్నారు గానీ అది నిలవలేదు, స్ప్రింగు నిలిచింది. పక్క సీటు అమ్మాయి బాతు, అందరికన్నా ఆలస్యంగా, ఊగుతూ నడుస్తుంది కాబట్టి బాతు, ఒకరోజు లెక్కల క్లాసులో తన జుట్టులో పెన్సిలు గుచ్చింది. పడలేదు. రెండోది గుచ్చింది. వెనక వాళ్ళు కూడా ఇచ్చారు. రబ్బరు, షార్పనరు, స్కేలు ముక్క. సారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఒకటి లోపలికి పోయేది. చివరికి సారు ఒక పెన్సిలు ఇటివ్వమ్మా అంటే క్లాసులో ఎవరి దగ్గరా లేదు, తను తల దులిపితే బల్ల మీద వడగళ్ళు పడ్డట్టు పడ్డాయి. సారు కూడా నవ్వాడు. అప్పుడు తనకి బాధేసిందా? వెతికి చూస్తే బాధ లేదు. సంతోషమా? అదీ చెప్పలేదు. ఆ వడగళ్ళ చప్పుడొకటి గుర్తుంది. ఇక్కడ బెంచీకి ఎదురు గోడ మీద ఏటేటా ఫస్టు వచ్చిన పిల్లల ఫొటోలు వరసగా ఉన్నాయి, అందరి తలలూ ఒకే దువ్వెనతో ఒకే చెయ్యి దువ్వినట్టు. ఒక్క తలయినా కొంచెం లేచి ఉందేమోనని మొదటి నుంచీ చివరిదాకా చూసింది. చివరి ఫ్రేము అద్దంలో తన నీడ కనబడింది, ఫొటోలోని పిల్ల తల చుట్టూ నల్లటి గుబురుగా. గేమ్స్ టీచర్ వేలు తడి చేసుకుని రేకుకి అంటించి చూసింది. ఇంకా చప్పుడు రాలేదు. "నీ తలకి ఇది చాలదే పిల్లా, రోడ్డు రోలరు తెప్పించాలి," అంది. ఆవిడకి తనంటే ఇష్టమే. అందుకే ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత సామాను ఇచ్చింది.

తలుపు సరిగ్గా పడలేదు. లోపల ఫ్యాను తిరుగుతూ టిక్కు టిక్కుమంటోంది, ఆ టిక్కుల మధ్య మాటలు వస్తున్నాయి. "చూడండమ్మా, పిల్ల మీద మాకేం కక్ష లేదు. బాగా చదువుతుంది. కానీ మీరు ఇచ్చిన ఫొటో ఇదీ. పిల్ల అదీ. సెలవుల్లో పార్లరుకెళ్ళి తిప్పించుకున్నదే కదా?" ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు మెత్తగా ఉంటుంది, కోపం వచ్చినప్పుడు మరీ మెత్తగా.  టిక్కు, టిక్కు. అమ్మ చెప్పేస్తుంది అనుకుంది తను. అనుకోవడం కూడా కాదు, అది జరగబోతున్న విషయంలా ముందే కనబడింది. అప్పుడు అమ్మ గొంతు వచ్చింది, ఇంట్లో గొంతు కాదు, షాపులో గొంతు, ఈ ఫ్రేము మీకు బాగా నప్పిందండీ అనే గొంతు. "అవును మేడమ్. చిన్నతనం. ఎవరో ఫ్రెండ్స్‌తో వెళ్ళింది. నేను షాపు నుంచి వచ్చేసరికే చేయించేసుకుని కూర్చుంది. నేనూ తిట్టాను. మీరు ఎలా చెబితే అలా."

కోపం రావాలి. తను కోపం కోసం లోపలంతా తడుముకుంది, ఇంటి ముందు నిలబడి తాళం చెవి కోసం జేబులు తడుముకున్నట్టు. దొరకలేదు. దొరికింది ఏమిటంటే ఆ అబద్ధం ఎంత బాగా అమరిందోనన్న ఆశ్చర్యం. షాపు నుంచి వచ్చేసరికే అన్న మాట నిజమే. కూర్చుందన్నది కూడా దాదాపు నిజమే. అబద్ధానికి రెండు వైపులా నిజాలు పెట్టి చెవుల వెనక సర్దినట్టు సర్దింది అమ్మ. ఎందుకు చెప్పిందో కూడా తెలుస్తూనే ఉంది. పుట్టుకతో ఇంతే అంటే, మరి ఫొటో ఏమిటి అంటారు. దొంగ ఫొటో పెట్టి సీటు తీసుకున్నారా అంటారు. అదీ దాటితే ఇంకో ప్రశ్న వస్తుంది, అమ్మ ముందు ఎప్పటి నుంచో ఎవరూ వేయని ప్రశ్న. ఆ ప్రశ్న రాకుండా అమ్మ కూతురి తలని అడ్డం పెట్టింది. సరే. దాని ఖరీదు ఒక ఇస్త్రీ. చిటికెలో అయిపోతుంది. మొద్దుబారిన చెవి ఎటూ మొద్దుబారే ఉంది. ఇప్పుడు గనక లేచి ఆ కిటికీ గట్టు దగ్గర నిలబడితే పరీక్ష రాయొచ్చు, అమ్మ షాపుకి వెళ్ళొచ్చు, గేమ్స్ టీచర్ తన సామాను సంచిలో పెట్టుకోవచ్చు, అందరూ సుఖం. రేపు మళ్ళీ పెట్టాలి. ఎల్లుండి మళ్ళీ. స్నానాల గదిలో మళ్ళీ వంతులు. ఎప్పటిదాకా అని ఆలోచించింది. అమ్మ వయసుదాకా. ఆ తర్వాత?

"లోపలికి రామ్మా."

గదిలో అమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. కిటికీ వెలుగు పడి ఆ జుట్టు మెరుస్తోంది, అందులో ముఖం చూసుకోవచ్చు అనిపించేలా. ప్రిన్సిపాల్ మేడమ్ చేతులు రెండూ బల్ల మీద జోడించి, "మీ అమ్మగారు అంతా చెప్పారు. సారీ చెప్పేసి, తల సరి చేయించుకుని, వెళ్ళి రాసుకో. ఇప్పటికే ఆలస్యమైంది," అంది.

"నేను చేయించుకోలేదు మేడమ్."

తన గొంతే. పక్క గదిలోంచి వచ్చినట్టుంది.

"మరి?"

"ఇంతే. పుట్టినప్పటి నుంచీ ఇంతే. ఫొటోకి ఇస్త్రీ చేశాం." చేశాం అంది. చేసింది అనలేదు. ఎందుకలా వచ్చిందో తెలియదు.

మేడమ్ అమ్మ వైపు తిరిగింది. "ఏంటమ్మా ఇది? మీరొకటి అంటారు, పిల్లొకటి అంటుంది. ఎవర్ని నమ్మమంటారు?" అమ్మ చేతి సంచి జిప్పు తెరిచింది, మూసింది. మేడమ్ ఊపిరి వదిలి, ఇక విడమరిచి చెప్పక తప్పదన్నట్టు, "పుట్టుకతో వచ్చిందంటే ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి కదా. మిమ్మల్ని చూస్తే పట్టుకుచ్చు. మరి ఎవరి పోలిక? వాళ్ళ నాన్నదా?" అంది.

వచ్చేసింది ఆ ప్రశ్న. గదిలో అందరికన్నా ముందు తనకే వినబడినట్టయింది, అమ్మకి వినబడటం తను చూసింది. అమ్మ తల ఎత్తి తనవైపు చూసింది. బతిమాలే చూపు కూడా కాదది, ఎదుటివాళ్ళు చెయ్యి ఎత్తినప్పుడు కళ్ళు వాటంతటవే మూసుకోబోతాయే, అలాంటిది. ఒక్క మాట చాలు. మా అమ్మ తల తడిపి చూడండి మేడమ్. అంత చిన్న మాట, నాలుక కొస మీదికి వచ్చి కూర్చుంది కూడా. అది అంటే తను గెలుస్తుంది. సాక్ష్యం కుర్చీ అంచునే కూర్చుని ఉంది. అంటే అమ్మ ఇన్నేళ్ళ పొద్దులన్నీ, తలుపు గడియలన్నీ, వీధిలో వాళ్ళ మెచ్చుకోళ్ళన్నీ ఈ బల్ల మీద బోర్లిస్తారు, మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చూస్తుంది, ఆ కళ్ళజోడు కూడా అమ్మ అమ్మిందే. తను ఆ మాటని నాలుక మీద కాసేపు ఉంచింది. దానికి రుచేమీ లేదు. మింగేసింది.

"ఎవరి పోలికైతే ఏంటి మేడమ్. నాది నాకే ఉంది. ఇస్త్రీ మాత్రం వద్దు."

"వద్దంటే హాల్లోకి పంపను. తెలుస్తోందా?"

"సరే మేడమ్."

ఆ సరే ఎంత తేలిగ్గా వచ్చిందంటే, దుకాణంలో చిల్లర లేదంటే అనే సరే లాగా వచ్చింది.  తను బయటికి వచ్చి బెంచీ మీద అదే చోట కూర్చుంది. గేమ్స్ టీచర్ తడి వేలు మళ్ళీ అంటించింది, సుయ్ మంది. "రెడీ. రా, తల ఇటు పెట్టు." వద్దు టీచర్ అంది. "వద్దా? వద్దంటే? ఏడాది పోతుందే!" అవును టీచర్ అంది. గేమ్స్ టీచర్ వేడెక్కిన ఆ సామాను చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, అటూ ఇటూ చూసి, దాన్ని అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది. ఏడాది పోతుంది. బాతు పై క్లాసుకి వెళ్ళిపోతుంది. తను చిన్న పిల్లలతో కూర్చుంటుంది, వాళ్ళు కొత్తగా పెన్సిళ్ళు గుచ్చుతారు. ఇవన్నీ వేరెవరికో జరగబోతున్నట్టు, బస్సు కిటికీలోంచి చూసినట్టు సాగిపోతున్నాయి. వదులైన లేసు కట్టుకుంది. ముడి సరిగా పడలేదు, మళ్ళీ కట్టుకుంది.

అమ్మ బయటికి వచ్చింది. షాపుకి టైమైపోతోంది కాబట్టి గేటు వైపు వెళ్ళిపోతుందనుకుంది. వెళ్ళలేదు. పక్కన వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఎదురు గోడ మీద ఫొటోల వైపు చూస్తూ కూర్చున్నారు, బస్సు కోసం చూస్తున్న ఇద్దరు పరాయివాళ్ళలాగా.

"చెప్పొచ్చుగా నా సంగతి," అంది అమ్మ చాలా మెల్లగా, గేమ్స్ టీచర్‌కి వినబడకుండా.

"నేను చెప్పను."

"ఎందుకని? కోపమా?"

తను నిజంగానే ఆలోచించింది. "కాదు. అది నీది కదమ్మా. నేనెలా చెబుతాను."

అమ్మ చేతి సంచి కూతురి ఒళ్ళో పెట్టింది, కాస్త పట్టుకో అన్నట్టు. లేచి కోటు కిందికి లాక్కుని, తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది. ఈసారి తలుపు సరిగ్గా పడింది. మాటలు వినబడలేదు. టిక్కులు వినబడలేదు. కాసేపటికి ఒక చప్పుడు వినబడింది, మొదట అదేమిటో పోల్చుకోలేకపోయింది. నీళ్ళు. ఆ గదిలో ఓ మూల తెర వెనక చేతులు కడుక్కునే బేసిన్ ఉంది. కుళాయి తిప్పారు. చేతులు కడుక్కుంటే ఆగిపోవాల్సిన చప్పుడు ఆగలేదు. ముఖం కడుక్కుంటే ఆగిపోవాల్సిన చప్పుడు కూడా ఆగలేదు. పోతూనే ఉంది. గేమ్స్ టీచర్ కూడా తల తిప్పి వింటోంది. "ఏంటమ్మా, ఏం చేస్తున్నారు, అయ్యయ్యో, ఆగండి, తువ్వాలు..." అన్న మేడమ్ గొంతు గోడ అవతల నుంచి పైకి లేచి అక్కడే తెగిపోయింది. నీళ్ళు ఇంకాస్త పోయి, ఆగాయి.   సంచి బరువుగా ఉంది. తను దాన్ని ఛాతీకి అదుముకుంది, అమ్మ పట్టుకున్నట్టే.

తలుపు తీసింది ప్రిన్సిపాల్ మేడమ్. గదిలోకి చూపు పోకుండా సందు తక్కువగా తీసి, అందులోనే నిలబడింది. తన జుట్టు వైపు చూడలేదు, ముఖం వైపు కూడా చూడలేదు, బూట్ల వైపు చూసింది. "వెళ్ళు. హాల్లోకి వెళ్ళు. ఆయనకి నేను ఫోన్ చేసి చెబుతాను." ఒక క్షణం ఆగి, ఏదో ఒక రూలు మిగలాలన్నట్టు, "పోయిన టైము మాత్రం ఇవ్వలేం," అంది. గేమ్స్ టీచర్ వంగి ప్లగ్గు పీకింది. తను సంచి బెంచీ మీద పెట్టి నడిచింది. లోపలికి తొంగి చూడలేదు. చూడకూడదని కాదు. మంచం మీద జ్వరంతో పడుకున్నప్పుడు అమ్మ దుప్పటి లాక్కోవడం గుర్తొచ్చింది, అంతే.

ఇన్విజిలేటరు హాల్ టికెట్టు తిరిగి ఇచ్చాడు. ఈసారి ఫొటో చూడలేదు. తన చోటు చివరి వరసలో, కిటికీ పక్కన. అందరి వీపులూ వంగి ఉన్నాయి, పెన్నుల చప్పుడు. కూర్చుంది, ప్రశ్నపత్రం తిప్పింది, పెన్ను మూత తీసింది. కిటికీ బయట స్కూలు ఆవరణలో ఎవరో నడుస్తున్నారు. నీలం కోటు భుజాల దాకా తడిసి నల్లబడింది. నడుముదాకా ఉండాల్సిన జుట్టు మెడ మీదికి ఎగబాకి, తల చుట్టూ ముదురు రింగులుగా చుట్టుకుపోయి ఉంది, రింగు రింగుకీ నీటిబొట్టు. ఆవిడ వేగంగా నడుస్తోంది, షాపుకి ఆలస్యమైనవాళ్ళు నడిచేలాగే, సంచి ఛాతీకి అదుముకుని. ఇంటివైపు తిరుగుతుందేమో, స్నానాల గది తలుపు వేసుకుని సుయ్ మనిపించి వెళుతుందేమో అని తను చూసింది. గేటు దాటి షాపు ఉన్న వైపుకే తిరిగింది. ఆ తలతో ఆ అద్దాల మధ్యకి.

ముందు సీట్లో బాతు కూడా చూసింది. మెడ తిప్పకుండా, నోటి మూలతో అడిగింది. "ఎవరే ఆవిడ?"

"మా అమ్మ."

"ఛ, మీ అమ్మ కాదు. మీ అమ్మ కళ్ళజోళ్ళ షాపులో..."

"ఆవిడే."

"అక్కడ మాటలేంటి?" అన్నాడు ఇన్విజిలేటరు.

బాతు వంగిపోయింది. తనూ వంగింది. మొదటి ప్రశ్న చదివింది. తెలిసిన ప్రశ్నే, మొన్ననే చదువుకుంది. మళ్ళీ చదివింది. అక్షరాలు ఒకచోట నిలవడం లేదు, ఒకదాని మీదికి ఒకటి జారుతున్నాయి. కాగితం మీద టప్పుమని ఒక నీటిబొట్టు పడింది, దాని పక్కన ఇంకొకటి. పైకప్పు కారుతోందేమోనని తలెత్తి చూసింది. బయట ఎండ కాస్తోంది.